ఇంటర్నెట్ లైనుకొక చిట్టా

శ్రోతల లేఖలు మాకు రెండు విధములుగా వచ్చుచుండును. "మీ కార్యక్రమము సరిగా వినబడుటలేదు" అని మాత్రము వ్రాయువారు కొందరు. ఏ తేదీన, ఎన్ని గంటల ఎన్ని నిమిషములకు, ఏ మీటరుపై వినుచుండగా, ధ్వని యెంత బలముగా నుండెనో, మరియొక స్టేషను వచ్చి పైబడెనో, గరగర యెంత యుండెనో వ్రాయువారు మరికొందరు. మొదటి లేఖను చదివి మేము విచారింతుము. రెండవ లేఖను ఇంజనీరుగారి బల్లమీద పెట్టుదుము. ఈ రెండవ విధమైన లేఖలకు ప్రపంచమంతట ఒకే పద్ధతి యుండుటకై అంతర్జాతీయ రేడియో సలహా సంఘమువారు సిన్పో అను అయిదంకెల సంకేతమును ఏర్పరచిరి. ధ్వని బలము, అన్య స్టేషనుల అడ్డు, రొద, తరంగ ప్రసరణము, మొత్తముమీద వినికిడి అను అయిదింటికిని ఒకటి మొదలు అయిదు వరకు మార్కులు వేయుటయే ఆ పద్ధతి.

నేడు రేడియోను గాలిలోని తరంగములమీదనే గాక ఇంటర్నెట్ మీదను వినువారు పెరిగినారు. విదేశములందున్న తెలుగువారికి చాలవరకు అదియే మార్గము. "ప్రసారము మధ్యమధ్య తెగిపోవుచున్నది" అని వారు వ్రాసినపుడు, లోపము మాదో, వారి యింటి లైనుదో తేల్చుట కష్టము. సిన్పో వంటి లేఖను ఇంటర్నెట్ లైనునకు ఎవరు వ్రాయవలెను? ఆ లైనే వ్రాయవలెనని మా సమాధానము. లైను వేగమును నియమిత కాలములలో ఒక చిన్న యంత్రము తానే కొలిచి, చిట్టాలో వ్రాసి, దూరముననున్న మనకు తెలియజేయు ఏర్పాటు సామాన్య గృహస్థునకు అందుబాటులోనే యున్నది. ఈ విద్యను మేము పుస్తకములవలన గాక మా తల్లిగారివలన నేర్చుకొంటిమి.

మా తల్లిగారికి డెబ్బది యెనిమిదేండ్లు. గోదావరి డెల్టాలో కాలువ శివారునగల మా స్వగ్రామమున, పాత యింటిలో ఒంటరిగా నుందురు. మేము ఉద్యోగరీత్యా హైదరాబాదులో నున్నాము. పదునైదు దినముల కొకమారు సాయంకాలము 7 గంటలకు ఆమె తన గుండె వైద్యునితో ఫోను తెరమీద ముఖాముఖి మాటలాడవలెను. సరిగా ఆ వేళకే బొమ్మ నిలిచిపోవును, మాట ముక్కలగును, తుదకు తెగిపోవును. రెండు మూడు పర్యాయము లిట్లు జరిగిన పిదప ఆమె, "ఆయన విసుక్కుని పెట్టేస్తున్నాడురా అబ్బాయ్. అంత పెద్ద డాక్టరుని ఎందుకు ఇబ్బంది పెట్టడం?" అని, కాళ్లవాపు సంగతి ఆయనతో చెప్పుటయే మానివేసిరి. ఆ వాపు సంగతి మాకు తెలిసినది నెల దినముల తరువాత, అదియు పొరుగింటివారివలన.

లైను కంపెనీకి ఫిర్యాదు చేసితిమి. మరునాడు ఉదయము 11 గంటలకు ఒక కుర్రవాడు వచ్చి, తన ఫోనులో స్పీడ్ టెస్టు జరిపి, "మామ్మగారూ, లైను శుభ్రంగా ఉందండి. ముప్ఫై ఎనిమిది వస్తోందండి, చూడండి" అని చూపి వెడలెను. ఆ కుర్రవాడు అబద్ధమాడలేదు. మూడు పర్యాయములు వచ్చెను. మూడు పర్యాయములును పగటివేళనే వచ్చెను.

కాలువ శివారున భూమి గలవారికి ఈ చిక్కును వివరింపనక్కరలేదు. తూము వద్ద నీరు నిండుగానే యుండును. పైవారందరును ఒకేమారు తమ చేలకు నీరు తీసినపుడు శివారు బోదెలో ఎంత మిగులునన్నదే ప్రశ్న. గ్రామమునకు వచ్చు ఇంటర్నెట్ మార్గము ఒక్కటే, దానిని పంచుకొను ఇండ్లు అనేకములు. రాత్రి భోజనముల వేళ ఇంటింట సినిమాలు, క్రికెట్టు ఆటలు ఆ మార్గముననే వచ్చును. ఉదయము 11 గంటలకు కొలిచిన వేగము ఉదయము 11 గంటలకే సాక్ష్యము చెప్పును గాని సాయంకాలము 7 గంటలకు చెప్పదు. కంపెనీవారి పత్రములో "40 మెగాబిట్ల వరకు" అని యుండును. ఆ "వరకు" అను మాటలో ఎంత వెసులుబాటు గలదో వ్యాకరణము చదివినవారికంటె చందా కట్టినవారికి బాగుగ తెలియును.

స్పీడ్ టెస్టనగా నేమి? మన యింటిలోని యంత్రము దగ్గరలోనున్న ఒక సర్వరునుండి సుమారు పది సెకనులపాటు ఎడతెగక సమాచారమును రప్పించుకొని, ఎన్ని బిట్లు వచ్చినవో లెక్కించును. ఇది డౌన్‌లోడ్ వేగము. పిమ్మట అదే విధముగా ఇక్కడనుండి అక్కడికి పంపును. ఇది అప్‌లోడ్ వేగము. ఇవి మెగాబిట్లే గాని మెగాబైట్లు కావు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక 40 మెగాబిట్ల లైనుమీద సెకనుకు వచ్చునది 5 మెగాబైట్లే. ఈ లెక్క తెలియక కంపెనీవారిని నిందించినవారిని మేమెరుగుదుము.

మూడవ కొలత పింగు. ఒక చిన్న ప్యాకెట్టు సర్వరు వరకు పోయి మరలివచ్చుటకు పట్టు కాలమది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేయుచుండిన మైక్ మూస్ అను నతడు ఆ ప్రోగ్రామును వ్రాసి, జలాంతర్గాములను కనుగొను సోనారు యంత్రము చేయు చప్పుడును బట్టి దానికా పేరు పెట్టెను. వేగమును గూర్చి మాటలాడువారు డౌన్‌లోడ్ అంకెను మాత్రమే చెప్పుట పరిపాటి. ముఖాముఖి సంభాషణకు అది అంత ముఖ్యము కాదు. ఒకటి రెండు మెగాబిట్లు ఇరువైపుల నిలకడగా నున్నచో చాలును. మాటను చెరచునవి అప్‌లోడ్ క్షీణించుట, పింగు ఒక్కుమ్మడిగా పెరుగుట, దారిలో ప్యాకెట్లు పోవుట. మా తల్లిగారి మాట వైద్యునికి వినబడకపోవుటకు డౌన్‌లోడ్ ఎంతయున్న నేమి ప్రయోజనము?

కొలుచు యంత్రముగా మేము రాస్ప్‌బెర్రీ పై అను అరచేతిలో నిముడు కంప్యూటరును ఎన్నుకొంటిమి. 2012 లో బ్రిటనులో బడిపిల్లల చదువుకొరకై పుట్టిన యంత్రమది. కొనువారు ఒక సంగతి గమనింపవలెను. 2018 కు ముందటి నమూనాలలో తీగ తగిలించు ద్వారము 100 మెగాబిట్లకు మించి పోనీయదు. 2019 లో వచ్చిన నాల్గవ నమూనాకు గిగాబిట్ ద్వారము కలదు. శేరుతో కుంచమును ఒక్కమారుగా కొలువబోవుట తగదు గదా!

ఈ యంత్రమునకు వేళ చెప్పువాడు క్రాన్. 1979 నాటి యూనిక్సునందే యుండి నేటికిని పనిచేయుచున్న సేవకుడు వీడు. వీనికిచ్చు ఆజ్ఞలో అయిదు గళ్లుండును: నిమిషము, గంట, తేది, మాసము, వారము. ఇదియు నొక పంచాంగమే, తిథి నక్షత్రములు మాత్రము లేవు. మొదటి గడిలో 17 అని వ్రాసి, తక్కిన నాలుగు గళ్లలో చుక్క గుర్తులు పెట్టినచో, ప్రతి గంటకును 17 నిమిషములు కాగానే పరీక్ష జరుగును. పదునేడు నిమిషములే ఏల యని అడుగవచ్చును. అందరును గంట కొట్టగానే పరీక్ష పెట్టుదురు. అపుడు పరీక్షించు సర్వరు వద్దనే రద్దీ యేర్పడి, మన లైను నిర్దోషియైనను దోషిగా కనబడును. వింత నిమిషము నెన్నుకొనుట మేలు.

గంట కొకమారే ఏల, నిమిషమున కొకమారు కొలువరాదా? కొలువరాదు. 40 మెగాబిట్ల లైనుమీద పది సెకనుల డౌన్‌లోడ్ పరీక్ష 50 మెగాబైట్లను, అంతే కాలపు అప్‌లోడ్ మరియొక 50 మెగాబైట్లను మ్రింగును. గంట కొకటి చొప్పున దినమునకు 2.4 గిగాబైట్లు, నెలకు 72. లైను 100 మెగాబిట్లదైనచో నెలకు 180 గిగాబైట్లగును. నెలకింత యని పరిమితిగల చందాలలో తూనికరాయియే సరుకును తినివేయునట్లగును. పింగు మాత్రము మితాహారి. నిమిషమున కొకటి చొప్పున దినమంతయు పంపినను, పోకరాకలు రెండును కలిపి సుమారు పావు మెగాబైటు. కనుక మేము నిమిషమున కొక పింగు, గంటకొక వేగపరీక్ష యని నియమించితిమి.

మొదటి వారపు చిట్టాను చూచి మేము కంపెనీవారిమీద మండిపడి లేఖ వ్రాసితిమి. పంపకముందే మా ఇంజనీరు మిత్రుడు దానిని చూచి నవ్వెను. యంత్రము వంటింటి అరలో నుండెను. రౌటరు వీధి గదిలో నుండెను. నడుమ రెండు మందపు గోడలు. మేము కొలిచినది కంపెనీ లైనును గాదు, మా తాతగారు కట్టించిన గోడలను. వైఫై విడిచి, యంత్రమును తీగతో రౌటరునకే తగిలించిన తరువాతనే మా చిట్టాకు విలువ వచ్చెను.

రెండవ పొరపాటు గడియారమునది. 2023 లో వచ్చిన అయిదవ నమూనాకు ముందటి యంత్రములలో స్వంత గడియారము లేదు. ఇంటర్నెట్ మీద నుండియే అవి వేళ తెలిసికొనవలెను. కరెంటు పోయి వచ్చినపుడు లైను వెంటనే రాకున్నచో, యంత్రము తాను ఆరిపోయిన వేళయే యింకను నడచుచున్నదని భ్రమపడి, అదే వేళను చిట్టాలో వ్రాయును. గ్రామములలో కరెంటు పోవుట అరుదు కాదు. వేళ సరిపడనిదే కొలత వ్రాయవద్దని యంత్రమును శాసించితిమి.

ఇక దూరముననున్న మాకు ఈ చిట్టా చేరుట యెట్లు? హైదరాబాదునుండి మేము ఆ యంత్రమును పిలువజాలము. ఇంటి రౌటరు, దానిపైన కంపెనీవారి రౌటరు, బయటినుండి పిలుపువచ్చిన తలుపు తీయవు. లోపలినుండి బయటికి పోవువానిని మాత్రము పోనిత్తురు. కావున యంత్రమే బయలుదేరి వచ్చి చెప్పవలెను. దీనికి ఎంక్యూటీటీ అను పద్ధతి చాల అనుకూలము. 1999 లో ఐబీఎమ్ సంస్థకు చెందిన ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆయనతో పాటు ఆర్లెన్ నిప్పర్, నిర్జన ప్రదేశములందలి చమురు గొట్టముల వార్తలను ఉపగ్రహము ద్వారా రప్పించుటకై దీనిని కల్పించిరి. ఉపగ్రహ మార్గము సన్నము, ఖరీదు. కావున వార్తలు పొట్టిగా నుండవలెను. ఊరిలోని యంత్రము తపాలా కచేరివంటి ఒక నడిమి సర్వరునకు చిన్నచిన్న చీటీలను పంపును. ఆ చీటీలు కోరినవారికి సర్వరు వానిని అందజేయును. చీటీలకు తాళము, సంకేతపదము ఉండవలెను. ఇంటిలో కరెంటు ఎపుడున్నదో, ఎపుడు లేదో తెలియుట దొంగకును ఉపయోగమే గదా!

ఈ పద్ధతిలో మమ్ములను మిక్కిలి ఆకర్షించినది వీలునామా యను ఏర్పాటు. దానికి నిజముగనే ఆ పేరున్నది. యంత్రము సర్వరుతో సంబంధము పెట్టుకొనునపుడే, "నేను చెప్పకుండ మాయమైనచో ఈ వార్తను అందరికిని తెలుపుము" అని ఒక చీటీని ముందుగా అప్పగించును. నియమిత కాలమునకు ఒకటిన్నర రెట్లు గడచినను యంత్రమునుండి పలుకు లేకున్నచో, సర్వరు ఆ చీటీని విప్పి చదువును. రేడియోలో పనిచేయువారికి ఇది బాగుగ అర్థమగును. స్టూడియోలో నిశ్శబ్దమును మించిన ప్రమాద సూచన లేదు.

ఆ వీలునామా మాకు ప్రతి రాత్రి 8 గంటల 40 నిమిషముల ప్రాంతమున రాసాగెను. లైను చచ్చినదని రూఢిచేసికొంటిమి. ఫోను చేసి అడుగగా మా తల్లిగారు, "పడుకోబోతూ స్విచ్చులన్నీ తీసేస్తాను కదరా, కరెంటు ఊరికే వస్తుందా?" అనిరి. ఆ స్విచ్చుమీద కాగితము అంటించి, తీయరాదని పెద్ద అక్షరములతో వ్రాయించితిమి. ఆ పూటకు కంపెనీవారు నిర్దోషులు.

లైను తెగినపుడు తెగినదను వార్తయు రాజాలదు. అందుచేత యంత్రము ప్రతి కొలతను మొదట తన జ్ఞాపికలో వ్రాసికొని, పిమ్మట పంపవలెను. పంపలేకున్నచో దాచియుంచి, లైను వచ్చిన తరువాత పంపవలెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. ఈ పనికై ఇతరులు వ్రాసి యుంచిన ప్రోగ్రాములను కొన్నిటిని చూచితిమి. పరీక్ష నెరవేరినచో అంకెలు వ్రాయును, నెరవేరకున్నచో ఏమియు వ్రాయక ఊరకుండును. ఇది పెద్ద దోషము. లైను మిక్కిలి చెడియున్న సాయంకాలములే చిట్టాలో లేకుండ పోవును. మిగిలిన మంచి గంటల సగటు చూచి మన లైను బాగున్నదని మనమే ధ్రువపత్ర మిచ్చుకొందుము. "పరీక్ష జరుగలేదు" అన్నదియు ఒక ఫలితమే. దానికిని తేదీ వేసి వ్రాయవలెను.

పరీక్షించు సర్వరును ప్రతిమారును మార్చరాదు. ప్రోగ్రామును దాని ఇష్టమునకు విడిచినచో నేడొక పట్టణపు సర్వరుతో, రేపు మరియొక పట్టణపు సర్వరుతో కొలుచును. ఆ అంకెలను పోల్చరాదు. సర్వరు కంపెనీవారి స్వంత ఆవరణలోనే యున్నచో కొలువబడునది వారి లోపలి బాట మాత్రమే. 2009 లో ఆరంభమైన మెజర్‌మెంట్ ల్యాబ్ వారి సర్వరులు ఇంటి లైనులిచ్చు కంపెనీల ఆవరణలకు వెలుపల నుండును, వారి కొలతల ఫలితములు బహిరంగముగ నుండును. మేము ఇట్టి బయటి సర్వరు నొకదానిని, దగ్గరి సర్వరు నొకదానిని స్థిరముగా నియమించితిమి.

ఇది మా సొంత కల్పన యని ఎవరును అనుకొనరాదు. అమెరికాలో ప్రభుత్వ సమాచార కమిషనువారు స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన గృహస్థుల ఇండ్లలో కొలత పెట్టెలను పెట్టించి, 2011 లో మొదటి నివేదికను ప్రకటించిరి. ఆ పెట్టెలు మా యంత్రమువలెనే వేళకు కొలిచి, కేంద్రమునకు తెలుపును. మన దేశమున ట్రాయ్ వారు 2016 లో మైస్పీడ్ అను యాపును విడుదల చేసిరి. ఫోను గలవారు తామే కొలిచి ఫలితమును వారికి పంపవచ్చును. 2023 లో మన ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ అను పేరునకు తగిన కనీస డౌన్‌లోడ్ వేగమును 512 కిలోబిట్లనుండి 2 మెగాబిట్లకు పెంచెను.

రెండవ వారము చివర మా యంత్రము ఒక అపచారము చేసినది. అది వైద్యుని సాయంకాలము. సంభాషణ ఆ దినమున ఎట్లో సాగుచుండెను. 7 గంటల 17 నిమిషములకు క్రాన్ తన ధర్మము తప్పక వేగపరీక్షను ఆరంభించెను. ఉన్న కొద్దిపాటి దారిని ఆ పరీక్ష పూర్తిగ ఆక్రమించుకొనగా, మా తల్లిగారి మాట అందులో చిక్కుకొని తెగిపోయెను. చిట్టాలో పింగు 17 వ నిమిషమున ఎగసిపడుట మేము హైదరాబాదులో కూర్చుండి చూచి తలపట్టుకొంటిమి. వేగపరీక్ష యనగా లైనును నిండుగా నింపి చూచుట. నింపుచున్నంతసేపు ఇతరులకు చోటుండదు. అప్పటినుండి ఆ దినములలో 7 మొదలు 8 వరకు వేగపరీక్ష లేకుండ పింగు మాత్రమే నడచునట్లు మార్చితిమి.

మూడు వారములు గడచినవి. గంటవారీగా అంకెలను పేర్చి, సగటునకు బదులు మధ్యగతమును తీసితిమి. అనగా కొలతలను చిన్నదానినుండి పెద్దదాని వరకు వరుసగా నిలిపి నడుమనున్న దానిని గ్రహించుట. ఒకటి రెండు వింత కొలతలకు సగటు చలించును, మధ్యగతము చలింపదు. పగటివేళ డౌన్‌లోడ్ 38, అప్‌లోడ్ 36, పింగు 22 మిల్లీసెకనులు. సాయంకాలము 7 మొదలు 9 గంటల 30 నిమిషముల వరకు డౌన్‌లోడ్ 9, అప్‌లోడ్ అర మెగాబిట్టునకు లోపు, పింగు 340. ఆదివారములలో మరికొంత హీనము. వాన కురిసిన దినమునకు, కురియని దినమునకు భేదము లేదు. కాబట్టి తీగలోనో జాయింటులోనో లోపము కాదు. అది రద్దీయే.

ఈ పట్టికను ఒక కాగితమున వ్రాసి, కంపెనీవారికి మరల ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్యను పుచ్చుకొంటిమి. ఆ సంఖ్య ముఖ్యము. ట్రాయ్ వారు విడివిడిగా చందాదారుల ఫిర్యాదులను విచారింపరు. మొదట కంపెనీకే ఫిర్యాదు చేయవలెను. తృప్తి కలుగనిచో ఆ సంఖ్యను చూపి కంపెనీలోనే యున్న అప్పీలు అధికారికి చెప్పుకొనవలెను. మాకు అప్పీలు వరకు పోవలసిన పని లేకపోయెను. ఈసారి కుర్రవానికి బదులు పై ఉద్యోగి యొకరు ఫోను చేసిరి. పట్టికను చదివి, ఆ గ్రామముల ఉమ్మడి మార్గముమీద ఇండ్లు ఎక్కువైనవని ఒప్పుకొనిరి. కొన్ని దినములలో కొంత మార్పు చేసిరి. చిట్టాలో సాయంకాలపు పింగు 340 నుండి 120 ప్రాంతమునకు దిగినది. అప్‌లోడ్ రెండు మెగాబిట్లకు చేరినది. ఇంకను 40 రాలేదు. ఆ విషయమై లేఖలు నడచుచున్నవి.

చిట్టా చేతికి వచ్చిన నాడే మేము చేసిన మరియొక పని కలదు. వైద్యుని కచేరికి ఫోను చేసి, మా తల్లిగారి వేళను సాయంకాలము 7 గంటలనుండి ఉదయము 11 గంటలకు మార్పించితిమి. మొదటి ఉదయమున సంభాషణ ఇరువది నిమిషములు ఎక్కడను తెగక సాగినది. వైద్యుడు కాళ్లను తెరకు చూపుమని అడిగి చూచి, మందు మార్చెను. "ఆయన మంచివాడేరా, ఎంత ఓపిగ్గా విన్నాడో" అని మా తల్లిగారు ఆ మధ్యాహ్నము మాతో అనిరి.